నేల ఉసిరి: పెరట్లో పెంచుకుందాం, కామెర్లు వస్తే మాత్రం ముందు ఆసుపత్రికి



వర్షాలు మొదలైన రెండు మూడు వారాలకు మన ఆసుపత్రి ఆవరణలో, ఎక్స్‌రే గది వెనక గోడ వారన, ఎవరూ నాటకుండానే ఒక చిన్న మొక్క లేస్తుంది. జానెడు ఎత్తు, మహా అయితే మూరెడు. దూరం నుంచి చింతాకులా కనబడుతుంది. రెమ్మను తిరగేసి చూస్తే ఆకుల అడుగున వరుసగా పచ్చని చిన్న చిన్న కాయలు, ఉసిరికాయను గింజంత చేసి వేలాడదీసినట్టు. తోటపని చేసే అతను దాన్ని కలుపు అని పీకి పారేస్తాడు. వార్డులో ఉన్న రోగుల తాలూకు ఆడవాళ్లు అదే మొక్కను ఏరుకుని కొంగున మూట కట్టుకుంటారు. ఒకసారి ఈ ఇద్దరికీ అక్కడే మాటామాటా వచ్చింది. "మందు మొక్కని పీకేస్తావేంటయ్యా" అని ఆమె, "ఆసుపత్రిలో పడుకుని పసరు మందేంటమ్మా" అని అతను. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. అందుకే ఈసారి మన పత్రికలో నేల ఉసిరి గురించి వివరంగా రాయాలనుకున్నాము.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. పేరు, ఊరు రాయడం లేదు. కొన్నేళ్ల కిందట ఆగస్టు నెలలో ఒక కొల్లేటి లంక గ్రామం నుంచి ఏడో నెల గర్భిణిని ఆటోలో తీసుకొచ్చారు. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. పిలిస్తే పలకడం లేదు, పలికినా మాట తడబడుతోంది. వెంట వచ్చిన అత్తగారు నా చెయ్యి పట్టుకుని, "సిస్టరుగారండీ, తొమ్మిది రోజులుగా పరగడుపునే నేల ఉసిరి పసరు పోస్తున్నామండి. ఉప్పు కూడా ముట్టనివ్వలేదండి. తగ్గిపోద్దనుకున్నామండి" అన్నది. డాక్టరుగారు చూసి గ్లూకోజు పెట్టించి, వెంటనే 108లో విజయవాడ పెద్దాసుపత్రికి పంపించారు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

రెండు నెలల తరవాత ఆ అత్తగారు మళ్లీ వచ్చింది. ఓపీ చీటీ తీసుకోలేదు. వరండాలో నా కోసం కూర్చుంది. "నేను పోసిన పసరు వల్లే పోయిందా అండి బిడ్డ?" అని అడిగింది.

ఆకు విషం కాదమ్మా అని చెప్పాను. అది నిజమే. ముందే తెచ్చి ఉంటే బిడ్డ తప్పకుండా దక్కేదని కూడా నేను చెప్పలేను. ఆమెకు వచ్చింది హెపటైటిస్ ఇ. ఆ వైరసును నేరుగా చంపి గర్భిణిని కాపాడే మందు ఈ రోజుకీ మన చేతిలో లేదు. అయితే ఆ తొమ్మిది రోజుల్లో రక్తపరీక్ష జరిగేది, ఒంట్లో చక్కెర పడిపోకుండా, రక్తస్రావం రాకుండా చూసేవారు, ముందుగానే పెద్దాసుపత్రిలో ఉండేది. ఆ అవకాశం పోయింది. ఆమెను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. వాళ్ల ఇంట్లో మూడు తరాలుగా కామెర్లకు అదే మందు. ప్రతిసారీ తగ్గింది కూడా.

ప్రతిసారీ ఎందుకు తగ్గింది?

ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. కామెర్లు అనేది రోగం పేరు కాదు, రోగం చూపించే గుర్తు. మన ఎర్ర రక్తకణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి. పాతవి విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం తయారవుతుంది. కాలేయం దాన్ని పైత్యరసంలో కలిపి పేగుల్లోకి పంపేస్తుంది. కాలేయం దెబ్బతిన్నా, పైత్యరసం వెళ్లే గొట్టం మూసుకుపోయినా, రక్తకణాలు మరీ ఎక్కువగా విరిగిపోయినా ఆ పసుపు రక్తంలో నిలిచి కంటికీ చర్మానికీ ఎక్కుతుంది.

మన ప్రాంతంలో వానాకాలం వచ్చే కామెర్లలో చాలావరకు హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ వైరసుల వల్ల వచ్చేవి. రెండూ మలంతో కలుషితమైన నీటి ద్వారా వస్తాయి. తమ్మిలేరు, బుడమేరు, రామిలేరు మోసుకొచ్చే నీరంతా, ఊళ్ల మురుగుతో సహా, కొల్లేటిలోకే చేరుతుంది. బయటికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందిన సరస్సు మనది. దాని ఒడ్డున ఉన్న లంకల్లో ఇవాళ మంచినీళ్లు టిన్నుల్లో కొనుక్కోవలసి వస్తున్నది. ఈ రెండూ ఒకేచోట ఎలా నిజమయ్యాయో అధికారులూ మనమూ ఆలోచించాలి.

ఈ ఎ, ఇ రకాలు ఆరోగ్యవంతుల్లో ఏ మందూ లేకుండానే రెండు నుంచి ఆరు వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ వారాల్లో మనిషి పసరు తాగితే పసరు తగ్గించిందంటాం. చేతికి వాత పెడితే వాత తగ్గించిందంటాం. ఏమీ చెయ్యకపోయినా తగ్గేదే. కాబట్టి మూడు తరాల అనుభవం అబద్ధం కాదు. అయితే ఆ అనుభవం తేలిక రకం కామెర్ల గురించి మాత్రమే. గర్భిణికి చివరి మూడు నెలల్లో హెపటైటిస్ ఇ వస్తే నూటికి 20 నుంచి 25 మంది వరకు చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. అదే వైరసు, అదే ఊరి నీళ్లు. ఇంట్లో మగవాడికి నెలలో తగ్గింది, కోడలికి ప్రాణం మీదకు వచ్చింది.

చేతులకు ఏదో రసం రాసి, సున్నపు నీళ్లతో కడిగించి, పళ్లెంలో దిగిన పసుపు నీళ్లు చూపించి "ఇదిగో కామెర్లు దిగిపోయాయి" అనేవాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మామిడి బెరడు రసం రాసిన చేతిని సున్నపు నీళ్లతో కడిగితే పసుపు రంగు వస్తుంది. కామెర్లు లేని చేతికీ వస్తుంది. కావాలంటే మీ చేతితో మీరే చేసి చూసుకోండి.

మద్రాసులో జరిగిన పరీక్ష

నేల ఉసిరిని చదువుకున్నవాళ్లు ఎవరూ పట్టించుకోలేదని అనుకోవద్దు. హెపటైటిస్ బి వైరసును కనుగొన్నందుకు 1976లో నోబెల్ బహుమతి పొందిన అమెరికా శాస్త్రవేత్త బరూచ్ బ్లంబర్గ్ ఈ మొక్కమీద స్వయంగా పనిచేశారు. ఆయన, మద్రాసుకు చెందిన ఎస్.పి. త్యాగరాజన్, వారి సహచరులు కలిసి చేసిన పరీక్ష ఫలితం 1988లో లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య పత్రికలో వచ్చింది. హెపటైటిస్ బి వైరసు ఒంట్లో ఉన్నవారికి 30 రోజులపాటు రోజుకు మూడుసార్లు ఎండబెట్టిన నేల ఉసిరి పొడి 200 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి తరవాతి పరీక్షలో వైరసు గుర్తు కనబడలేదు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది.

ఎంత సంతోషించవలసిన వార్త! మన గట్టుమీద మొక్క ప్రపంచ వైద్య పత్రికకెక్కింది. తరవాత థాయిలాండ్‌లో చేసి చూశారు, న్యూజిలాండ్‌లో చేసి చూశారు. ఆ ఫలితం మళ్లీ రాలేదు. 2011లో అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి పరిశీలించిన కాక్రేన్ సమీక్ష కూడా ఉత్తుత్తి మాత్రకన్నా ఇది మేలని నమ్మడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. మొక్కలో ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ అనే పదార్థాలు ఉన్నాయి. కాలేయానికి రక్షణ ఇచ్చే గుణం ప్రయోగశాలలో కనబడింది. ఇంకా పరిశోధన జరుగుతూనే ఉంది. ఇవాళ్టి దాకా తెలిసింది ఇంతే. దీన్ని "అమృతం" అని అమ్మేవాళ్లదీ "గడ్డి" అని కొట్టిపారేసేవాళ్లదీ ఇద్దరిదీ తొందరే.

హెపటైటిస్ బి గురించి ఒక మాట. దానికి మంచి టీకా ఉంది. మన దేశంలో జన్యు సాంకేతికతతో తయారైన మొదటి హెపటైటిస్ బి టీకా 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ నుంచి వచ్చింది. ఇప్పుడు ప్రతి శిశువుకూ పుట్టిన 24 గంటల్లోపు మొదటి మోతాదు ఉచితంగా వేస్తారు. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో హెపటైటిస్ బి, సి పరీక్షలూ మందులూ ఉచితం. హెపటైటిస్ సి అయితే ఇప్పుడు మాత్రలతో పూర్తిగా నయం చేయవచ్చు. ఇన్ని సౌకర్యాలుండగా బి, సి ఉన్నవారిని పసరుతో సరిపెట్టుకోమనడం అన్యాయం.

అసలు మొక్కను గుర్తుపట్టడం

బైబిలులో రెండవ రాజుల గ్రంథము నాలుగవ అధ్యాయంలో గిల్గాలులో కరవు వచ్చినప్పటి సంఘటన మీకు గుర్తుండే ఉంటుంది. ఒకడు పొలంలోకి పోయి, తనకు తెలియని తీగకాయలు ఒడినిండా కోసుకొచ్చి, తరిగి కుండలో వేశాడు. తిన్నవాళ్లు కుండలో మరణమున్నదని కేకవేశారు. అతను చెడ్డవాడు కాదు, ఆకలిగొన్నవారికి వండాలనే వెళ్లాడు. తెలియక కోశాడు, అంతే. మొక్కలు ఏరేవాళ్లందరూ చదవవలసిన భాగం అది.

మనం వాడుకలో నేల ఉసిరి అనే పేరు ఒకదాన్నొకటి పోలిన చాలా మొక్కలకు పెట్టేశాం. వృక్షశాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం వీటిని ఒకే పేరుతో రాసి, తరవాత విడదీశారు. మందుగా ఎక్కువ పరిశీలించినది ఫిల్లాంథస్ అమారస్. ఇది అమెరికా ఖండపు వేడి ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిందని వాళ్లంటారు. మనమేమో తాతల నాటి మన మొక్క అనుకుంటాం! మిరపకాయ కూడా అలా వచ్చిందే కదా.

గుర్తులు ఇవి. కాడ నిటారుగా, పచ్చగా ఉంటుంది. దాని నుంచి రెమ్మలు పక్కలకు చాపినట్టు వస్తాయి. ఒక్కో రెమ్మకు రెండు వైపులా, ఒకటి విడిచి ఒకటిగా చిన్న ఆకులు. కాయలు ఆకుల అడుగునే ఉంటాయి, నున్నగా, చిన్న తొడిమతో వేలాడుతుంటాయి. నమిలితే చేదు. సాయంత్రం అయ్యేసరికి ఆకులు ముడుచుకుని పడుకుంటాయి. పిల్లలకు ఇది చూపించండి, సరదాపడతారు. కాడ ఎర్రగా ఉండి, కాయలు గరుకుగా కాడకు అంటుకున్నట్టుంటే అది ఎర్ర రకం, వేరే జాతి. తుంచినచోట పాలు కారితే అది నేల ఉసిరి కానేకాదు. రెడ్డివారి నానుబాలు వంటి పాలమొక్కలు అదే తడిలో, అదే గట్టుమీద మొలుస్తాయి. వాటిని పొరపాటున కలిపి నూరిన ఆకు ముద్దను నేను స్వయంగా చూశాను. ఇక నేలవేము అనేది ఇంకో మొక్క. పేరులో "నేల" ఉందని రెండూ ఒకటే అనుకునేవారున్నారు.

మొక్క సరైనదే అయినా చోటు సరైనది కాకపోవచ్చు. వరిచేల గట్లమీద ఇది బాగా పెరుగుతుంది. ఆ గట్లకే పురుగుమందు, కలుపుమందు పడుతుంది. చేపల చెరువు గట్లు, మురుగు కాలవ ఒడ్లు, రోడ్డు అంచులు కూడా అంతే. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాదిమంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయిన రోజులు ఎవరమూ మరిచిపోలేదు. ఎయిమ్స్ వారి పరీక్షలో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. పురుగుమందుల అవశేషాలపైనా అనుమానం వచ్చింది. ఆ సంగతి మనకు నేర్పింది ఏమంటే, ఆకు పచ్చగా ఉన్నంత మాత్రాన శుభ్రంగా ఉన్నట్టు కాదు. మందు కోసమైతే గట్టుమీద కోయవద్దు. కావాలనుకునేవారు ఇంట్లో పెంచుకోండి. పెద్ద కష్టం లేదు.

కుండీలో, పెరట్లో

విత్తనం సేకరించడమే ఇందులో కొంచెం తమాషా పని. ఒక్కో కాయలో ఆరు గింజలుంటాయి, నూకకన్నా సన్నం. కాయ ఎండగానే టప్పున పగిలి గింజలు ఎగిరిపోతాయి. అందుకే పచ్చదనం తగ్గి లేత గోధుమరంగుకు తిరుగుతున్నప్పుడే మొక్కను పీకి, కాగితం సంచిలో గానీ పాత తువ్వాలులో గానీ చుట్టి రెండు రోజులు నీడలో ఉంచండి. లోపల చిటపటమని చప్పుడు వినబడుతుంది. తరవాత దులిపితే గింజలు అడుగున ఉంటాయి.

మే చివర, జూన్ మొదట చల్లడం మంచిది. గింజ మరీ సన్నం కాబట్టి చారెడు పొడి ఇసుకతో కలిపి చల్లాలి. మట్టితో పూడ్చవద్దు. దీనికి వెలుతురు తగిలితేనే మొలక బాగా వస్తుంది. లోతుగా వేసి "మొలవలేదండీ" అన్నవాళ్లే ఎక్కువ. పైన చేత్తో మెల్లగా అద్ది, నీళ్లు చెంబుతో పోయకుండా చిలకరించండి. తడి ఆరకుండా చూస్తే వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తుంది. మూడు నాలుగు వారాలకు బెత్తెడు ఎత్తు వచ్చాక నారు తీసి, మొక్కకు మొక్కకు అరజానెడు ఎడం ఉండేలా నాటుకోవచ్చు. కుండీలో అయితే నాలుగైదు మొక్కలు చాలు.

నేల విషయంలో ఇది పెద్దగా పేచీ పెట్టదు. తాడేపల్లిగూడెం పైన, వెంకటరామన్నగూడెం వైపు మెట్ట ఎర్రనేలలో నీరు తొందరగా ఇంకిపోతుంది. అక్కడివారు పెంట ఎరువు కాస్త ఎక్కువ కలిపి, రోజూ తడి చూసుకోవాలి. కొల్లేటి వైపు, కైకలూరు, మండవల్లి (2022 నుంచి మన ఏలూరు జిల్లాలోనివే) నల్లటి బంకమట్టి. అక్కడ ఇసుకా ఎరువూ సమంగా కలిపి, కుండీకి అడుగున చిల్లు ఉందో లేదో చూసుకోవాలి. మొక్క తడిని ఓర్చుకుంటుంది గానీ కుండీలో నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. పాత ప్లాస్టిక్ బకెట్లలో వేసేవారు పురుగుమందు డబ్బాలు మాత్రం వాడకండి. కడిగినా వాడకండి. చేపల చెరువు నీళ్లు, కోళ్లఫారం ఎరువు దీనికి వద్దు. బాగా మాగిన పశువుల పెంట చాలు.

సగం ఎండ, సగం నీడ ఉన్నచోట ఆకు లేతగా వస్తుంది. పూర్తి ఎండలో మొక్క గట్టిగా, పొట్టిగా ఉంటుంది. రెండూ ఫరవాలేదు. ఆకు తినే పచ్చ పురుగులు వస్తే పొద్దున్నే చేత్తో ఏరేయండి. ఆకులమీద బూడిద పట్టినట్టయితే ఆ రెమ్మలు కత్తిరించి, మొక్కల మధ్య గాలి ఆడేలా చేయండి. ఏ మందూ కొట్టవద్దు. కొట్టేటట్లయితే గట్టుమీద మొక్కకూ దీనికీ తేడా ఏముంది?

నాటిన 80 నుంచి 100 రోజులకు, అంటే సెప్టెంబరు ప్రాంతంలో, మొక్క ఇంకా పచ్చగా ఉండగానే కోయాలి. ముదిరి పసుపెక్కాక ఆకు రాలిపోతుంది, ఉపయోగపడే పదార్థాలు ఎక్కువగా ఉండేది ఆకుల్లోనే. కోసినదాన్ని మూడుసార్లు మంచినీళ్లలో కడిగి, నీడలో పలచగా ఆరబెట్టి, చేత్తో నలిపితే పొడి అయ్యేదాకా ఉంచి, గాజు సీసాలో పెట్టుకోవాలి. సీసామీద పేరూ తేదీ రాయండి. మన ఇళ్లలో సీసామీద పేరు రాసే అలవాటు తక్కువ. బూజు వాసన వచ్చినా, రంగు నల్లబడినా పారబోయడమే. రెండు మూడు మొక్కలను గింజకు వదిలేయండి. మరుసటి ఏడాది మీరు చల్లనక్కరలేకుండా అవే మొలుస్తాయి. పెద్ద ఎత్తున మందు మొక్కల సాగు చేయాలనుకునే రైతు సోదరులకు వెంకటరామన్నగూడెంలోనే ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలను అడిగి మొదలుపెట్టడం మేలు.

ఎంత వాడాలి అని అడిగేవారికి

మా డాక్టర్లు దీనికి మోతాదు రాసివ్వరు. ఒక్కో మొక్కలో, ఒక్కో నేలలో బలం ఒక్కోలా ఉంటుంది, కొలిచే సాధనం మన దగ్గర లేదు. వాడదలచినవారు అర్హత ఉన్న ఆయుర్వేద వైద్యులను అడగండి. ఆయనకు మీ రక్తపరీక్ష కాగితాలు చూపించండి. మా దగ్గరకు వచ్చినప్పుడు ఏ ఆకు, ఎన్ని రోజులు తాగారో దాచకుండా చెప్పండి. తిడతారేమోనని దాచేవారున్నారు. తిట్టము. తెలియకపోతే మాకు ఇబ్బంది, మీకు ప్రమాదం. షుగరు మాత్రలు, బీపీ మాత్రలు వాడేవారు తమంతట తాము వాడకూడదు, అవి మరీ తగ్గిపోయే అవకాశం ఉంది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, చంటిపిల్లలకు వద్దు.

"ఆకే కదా, మంచి చేయకపోయినా చెడు చేయదు" అనే మాట సరికాదు. కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం ఇంటింటా కాచుకున్నాం. ఆ తరవాత 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న ఆరుగురు రోగుల వివరాలు ప్రకటించారు. తిప్పతీగను పోలిన ఇంకో తీగను పొరపాటున వాడి ఉంటారని వాదించినవారు ఉన్నారు. అదే నిజమైతే గిల్గాలు కుండ సంగతి మళ్లీ జరిగినట్టే.

పత్యం

కామెర్లు వచ్చిన మనిషికి ఉప్పు, నూనె, పప్పు, పసుపు, కూర అన్నీ మాన్పించి, నెల రోజులు చప్పటి గంజి పోయడం మన దగ్గర ఉన్న అలవాటు. కాలేయం బాగుపడడానికి బలం కావాలి. అన్నం, పప్పు, పెరుగు, పండ్లు, గుడ్డు, అరిగినంత మేరకు పెట్టండి. వికారంగా ఉంటే కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. కూరలో పసుపు వేస్తే కళ్లకు పసుపు ఎక్కదు. మానవలసింది సారా, బ్రాందీ. బజారు చెరుకు రసం కూడా వద్దు. చెరుకు మంచిదే గానీ అందులో వేసే ఐసు ఏ నీళ్లతో చేశారో ఎవరికి తెలుసు? ఒళ్లు నొప్పులని పారాసిటమాల్ మాత్రలు ఇష్టం వచ్చినట్టు మింగవద్దు. టీబీ మందులు వాడుతుండగా కళ్లు పచ్చబడితే అదే రోజు రావాలి.

ఆగకుండా రావలసినవి

కామెర్లతోపాటు మగత, తికమక మాటలు, రాత్రి నిద్రలేక పగలు నిద్ర, ఆగని వాంతులు, చిగుళ్లనుంచి గానీ ముక్కునుంచి గానీ రక్తం, నల్లటి విరేచనం, పొట్ట ఉబ్బడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా అర్ధరాత్రి అయినా బయలుదేరండి. గర్భిణికి కళ్లు పచ్చబడితే వేరే గుర్తు కోసం చూడనే వద్దు. పుట్టిన 24 గంటల్లోపు బిడ్డ పచ్చబడినా అంతే. మలం సున్నం రంగులో ఉండి, ఒళ్లంతా దురద పెడుతుంటే పైత్యనాళం మూసుకుపోయి ఉండవచ్చు, దానికి ఏ ఆకూ పనిచేయదు.

వరి నాట్లు, కోతలు చేసేవారికి, చెరువుల్లో దిగేవారికి ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. ఎక్కువ జ్వరం, కళ్లు ఎర్రబడి తరవాత పచ్చబడడం, పిక్కలు పట్టుకుంటే భరించలేని నొప్పి, మూత్రం తగ్గిపోవడం, ఇవన్నీ కలిస్తే ఎలుకల జ్వరం కావచ్చు. లెప్టోస్పైరోసిస్ అంటారు. ఎలుకల మూత్రం కలిసిన బురద నీటిలోని సూక్ష్మజీవి పాదాల పగుళ్లలోంచి ఒంట్లోకి వెళ్తుంది. సాధారణంగా 5 నుంచి 14 రోజుల్లో జ్వరం మొదలవుతుంది. తొలి రోజుల్లో వస్తే మామూలు యాంటీబయాటిక్ మందులతో నయమవుతుంది. ఆలస్యమైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇదీ కామెర్లలాగే కనబడుతుంది కాబట్టి పసరు దగ్గరే ఆగిపోతారు. అందుకే అంటున్నాం, ముందు పరీక్ష చేయించుకోండి. పచ్చదనం ఏ కారణం వల్లనో తెలిసిన తరవాత మిగతాది మాట్లాడుకుందాం.

ఎక్స్‌రే గది వెనక మొక్కలను ఈ ఏడాది పీకకుండా కంచె కట్టించాము. తోటపని అతనే కట్టాడు, గొణుక్కుంటూనే. వాటి నుంచి తీసిన గింజలను చిన్న కాగితం పొట్లాలుగా కట్టి ఓపీ కౌంటరులో ఉంచాము, డబ్బు ఇవ్వనక్కరలేదు. స్త్రీల సమాజం వారు ఆదివారం ఆరాధన తరవాత గుడి వరండాలో కూడా ఇస్తారు. పొట్లం మీద చల్లే విధానం, వెనక ఆగకుండా రావలసిన గుర్తులు అచ్చువేయించాము. గింజలు చల్లేశాక పొట్లాన్ని పారేయకుండా గోడకు అంటించుకోండి. లంకల నుంచి వచ్చేవారు తమ పొరుగింటి గర్భిణుల కోసం ఇంకో పొట్లం అడిగి తీసుకోండి.